రెండు దెబ్బలు, ఆగి ఒకటి

నవ్వితే మీదేం పోయింది అని నన్ను చాలామంది అడిగారు. కొడుకు అడిగాడు. వాడకట్టువాళ్లు అడిగారు. ఆ టీవీవాళ్లు పంపిన పిల్ల కూడా అడిగింది. ఆ పిల్లకు తప్ప నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. మూడో తరగతి దాటకుండానే మగ్గం ముందు కూర్చున్నవాణ్ని, మాటలు నాకు మొదటినుంచీ తక్కువ. కానీ ఎండలు మొదలైనప్పటినుంచి వానలు ముదిరేదాకా మా ఇంట్లో ఏం జరిగిందో ఎవరో ఒకరు సరిగ్గా చెప్పాలి. టీవీలో చూపించింది అది కాదు.

మాది వరంగల్ కొత్తవాడ. నేల మీద పరిచే జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు, నడుమ టేకు దర్వాజ. వంటింటి వెనక నల్లా. కొడుకు భానుచందర్ స్కూలు బస్సు నడుపుతాడు. కోడలు పద్మలత బట్టల దుకాణంలో పని చేస్తుంది. వాళ్ల బిడ్డ చైతన్య హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ నా భార్య చిలుకమ్మా. నేను నేస్తాను, ఆమె రాట్నం మీద కండెలు చుడుతుంది.

ఆ రోజు చైతన్య చెప్పులు కూడా విడవకుండా లోపలికి ఉరికింది.

"నాయినమ్మా, మనం సెలక్ట్ అయినం!"

"ఎందులనే?"

"'అవ్వా జవాబివ్వవ్వా' ఆటల!"

ఆ ఆట టీవీలో ఆదివారం సాయంత్రం వచ్చేది. ఒక పక్క అవ్వలు, ఇంకో పక్క వాళ్ల మనవళ్లు, మనవరాళ్లు. పాతకాలం ప్రశ్నలు పిల్లలకు, ఈ కాలం ప్రశ్నలు ముసలివాళ్లకు. ఎవరికీ జవాబు రాదు. రాకపోవడమే ఆట. అబద్ధం ఎందుకు, మా ఇంట్లో ఆ ఆటకు అందరికంటే ఎక్కువ నవ్వేది చిలుకమ్మే. ఒకసారి ఎవరో అవ్వ సెల్‌ఫోన్ ఛార్జర్‌ను బొంగరం తాడు అన్నందుకు కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

"నేను ఓడిపోతే?" అని అడిగింది.

"ఓడిపోయినా మిక్సీ ఇస్తరే."

"గెలుస్తే?"

"ఫ్రిజ్."

"మనకున్నది గదనే ఫ్రిజ్. దాంట్ల పెట్టెతందుకే ఏం లేదు. ఇగ రెండోదాంట్ల ఏం పెడ్తవ్, నన్ను పెడ్తవా?"

"నిన్నే పెడ్త. ఎండకాలం గదా, సల్లగుంటవ్."

ఇద్దరూ పగలబడి నవ్వారు. తర్వాత చిలుకమ్మ లేచి దర్వాజ దగ్గరికి వచ్చి వేలి కణుపుతో కొట్టింది. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. నేను మగ్గం మీదనుంచి లేచి వెళ్లాను.

ఈ చప్పుడు సంగతి చెప్పాలి. మా పెళ్లయిన కొత్తలో ఈ ఇంట్లో మూడు మగ్గాలుండేవి. నాయినది, అన్నది, నాది. ఇనుప పళ్ల పంజాతో పేక పోగును కొడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. వినపడినా మామ ముందు కోడలు గొంతెత్తరాదు, మొగుడి పేరు అసలే పలకరాదు. అన్నానికి పిలవాలంటే మా ఇంటి ఆడవాళ్లు దర్వాజ కొట్టేవాళ్లు. అమ్మది ఒక తీరు, వదినది ఒక తీరు. చిలుకమ్మ వచ్చాక తనకూ ఒకటి కావాల్సి వచ్చింది. ఎవరూ నేర్పలేదు, ఆమే పెట్టుకుంది. మగ్గాలన్నీ ఆడుతున్నప్పుడు కూడా అది నాకు వేరుగా వినపడేది. చెవికంటే ముందు మోకాళ్లకు తెలిసేది. కోపంగా ఉంటే ఆ నడుమ ఎక్కువసేపు ఆగేది. పిల్లవాడికి జ్వరమొస్తే ఆగేదే కాదు. నాయినా పోయాడు, అమ్మా పోయింది, అన్నా వదినా సూరత్ వెళ్లారు, మగ్గం ఒక్కటే మిగిలింది. గొంతెత్తొద్దని అనేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా ఆమె దర్వాజే కొట్టేది. నేను లేచేవాణ్ని.

"పోదామా మరి? పిల్ల మోజుపడ్తాంది" అంది.

నేను తల ఊపాను.

హైదరాబాదులో ఆ స్టూడియో లోపల ఎండాకాలమే లేదు. చలికి పళ్లు కొట్టుకున్నాయి. చిలుకమ్మ పచ్చ అంచున్న నారాయణపేట చీర కట్టుకుని వచ్చింది. ఒక పిల్లవాడు వచ్చి కింద నుంచి మీద దాకా చూశాడు.

"అవ్వా, ఈ చీర వద్దు. విలేజ్ లుక్ రావట్లేదు."

"గిది మంచి చీరే కొడకా."

"మంచిదే. అందుకే వద్దంటున్నా."

వాళ్ల దగ్గరున్న వెలిసిపోయిన ముతక చీర కట్టించారు. బొట్టు చెరిపి రూపాయి బిళ్లంత కొత్త బొట్టు పెట్టారు. నేత పని చేసుకుని బతికిన మనిషిని, ఒంటిమీద మంచి బట్ట ఉంటే పల్లెటూరిదానిలా లేవన్నారు. చిలుకమ్మ మాత్రం చైతన్య వైపు చూసి, "మీ తాత గుర్తువడ్తడో లేదో" అని నవ్వింది.

నన్ను జనంలో మూడో వరసలో కూర్చోబెట్టారు. ఆట మొదలైంది. నిజం చెప్పాలంటే మొదట బాగానే జరిగింది. ఆట ఆడించేవాడు బక్కగా, మెరిసే కోటు వేసుకుని ఉన్నాడు. గోడంత టీవీ మీద రెండు చేతులు జోడించిన బొమ్మ చూపించి, "అవ్వా, ఇది ఫోన్లో వస్తే ఏంటి అర్థం?" అన్నాడు.

"ఓట్లచ్చినట్టున్నయ్ కొడకా" అంది చిలుకమ్మ.

జనం చప్పట్లు కొట్టారు. వాడూ నవ్వాడు. తర్వాత చైతన్యకు కుంపటి చూపించారు. ఆ పిల్ల కాసేపు చూసి, "చికెన్ కాల్చేది గదా సార్?" అంది.

"ఓసి నీ! నీ పురిటి స్నానానికి గా కుంపటి మీదనే గదనే నీళ్లు కాగవెట్టిన. అప్పుడు నిన్ను కాల్చిన్నా?" అంది చిలుకమ్మ.

నేను కూడా నవ్వాను. నా పక్కనున్నవాళ్లు, మీ ఇంటామెనా అని అడిగితే అవునన్నాను. గర్వంగానే అన్నాను. ఇద్దరికీ పాయింట్లు సమానంగా వచ్చాయి. చివరి ప్రశ్న అవ్వకు.

"చాలా ఈజీ ప్రశ్న అవ్వా. తాత పేరేంటి?"

చిలుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనం ఘొల్లుమన్నారు. మా వయసు ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పరని వాడికి తెలుసు. తెలిసే దాచిపెట్టుకున్న ప్రశ్న అది.

"చెప్పవ్వా, ఫ్రిజ్ పోతుంది! పోనీ, తాతని ఎలా పిలుస్తావు? ఏమండీ అంటావా? ఓయ్ అంటావా?"

ఆమె తల దించుకుంది. అప్పుడు చైతన్య అంది, "సార్, మా నాయినమ్మ తాతను నోటితోని పిలువది. దర్వాజ కొడ్తది."

ఆ పిల్ల అన్న తీరు నాకు గుర్తుంది. ఇంటికి వచ్చిన చుట్టానికి మా ఇంట్లో మంచి వస్తువు ఇది అని చూపించినట్టుగా అంది. పిల్లను నేనేమీ అనను.

"తాతని కొడుతుందా?"

"కాదు సార్, దర్వాజను! కొడ్తే తాత వస్తడు."

"అవ్వా, అయితే కొట్టు చూద్దాం. పాయింట్లు నీకే."

చిలుకమ్మ తల ఎత్తి జనంలోకి చూసింది. ముఖం మీద అన్ని దీపాలు పెడితే ముందు ఏముందో కనపడదు. నాకోసం వెతికింది, కనపడలేదు. అప్పుడు ముందున్న బల్ల మీద కొట్టింది. పాయింట్ల కోసం కాదు. నేనెక్కడున్నానో తెలియక పిలిచింది. నేను లేచాను. ఇక్కడున్నానని తెలియాలి కదా.

జనం పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు.

నేను కూర్చున్నాను. వాడు చిలుకమ్మ పక్కకు వచ్చి తను కొట్టాడు. రెండు, ఆగి ఒకటి. నేను లేచాను. లేచాక చూసుకున్నాను, కొట్టింది ఆమె కాదు. కూర్చున్నాను. వాడు వేరేదో మాట్లాడుతున్నట్టు నాలుగడుగులు వేసి, మైకుతో బల్ల మీద మళ్లీ కొట్టాడు. మోకాళ్లకు వాడు వీడు అని తెలియదు. ఒక జీవితం పాటు లేచిన మోకాళ్లు. మళ్లీ లేచాను. పక్కనున్నవాళ్లు పొట్ట పట్టుకున్నారు. నేను కుర్చీ అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అయినా ఒళ్లు కదిలింది. ఆ కదలడానికి ఇంకా నవ్వొచ్చింది వాళ్లకు.

ఎన్నిసార్లు లేచానో లెక్కపెట్టి చెప్పేవాళ్లు మా వాడలో ఉన్నారు. నేను లెక్కపెట్టలేదు. నేను చిలుకమ్మనే చూశాను. మొదటిసారి నవ్వింది. రెండోసారి నవ్వు సగంలో ఆగింది. ఆఖరుకు ఆమె బల్ల మీదికి వంగి, వాడు కొడుతున్న చోట తన అరచెయ్యి పరిచి పెట్టింది. కొట్టొద్దని. వాడు ఆ చెయ్యి పక్కన కొట్టాడు.

ఫ్రిజ్ మాకే వచ్చింది.

టీవీలో వచ్చిన రోజు వాడకట్టంతా మా ఇంట్లోనే ఉంది. ఎదురుగా సైకిల్ షాపు నడిపే అబ్దుల్ కరీం షట్టరు దించి మరీ వచ్చాడు. ఓట్ల మాట చూపించలేదు. కుంపటి మాటా లేదు. నేను లేచినప్పుడల్లా స్ప్రింగు చప్పుడు పెట్టారు. ఒకసారి లేచింది వెనక్కీ ముందుకూ తిప్పి చూపించారు. కింద పెద్ద అక్షరాలు వచ్చాయి. నేను మెల్లగా కూడబలుక్కుని చదువుకున్నాను. రి, మో, టు, తాత. ఆమె అరచెయ్యి పరిచింది మాత్రం ఎక్కడా లేదు.

సగంలోనే చిలుకమ్మ, అన్నం మాడుతున్నదని లేచి లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"బాపూ, ఫేమస్ అయినవ్ పో!" అన్నాడు భానుచందర్. కరీం మాత్రం పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

ఆ తర్వాత ఇంటి ముందునుంచి పోయే ప్రతివాడికీ మా తలుపు కొట్టాలనిపించింది. స్కూలు పిల్లలు కొట్టి ఉరికేవాళ్లు. పాలవాడు క్యాను మీద కొట్టేవాడు. జంపఖానాలు ఇవ్వడానికి నేత సంఘం ఆఫీసుకు పోతే, నెత్తి నెరిసిన మనిషి, అక్కడి గుమస్తా, బల్ల మీద కొట్టి నా ముఖంలోకి చూశాడు. ఒక పెండ్లిలో బంతిలో కూర్చుంటే వెనకనుంచి ఎవరో స్టీలు గ్లాసుతో కొట్టారు. విస్తరి ముందునుంచి సగం లేచాను. అన్నం వడ్డించేవాడు గరిటె పట్టుకునే నవ్వాడు. ఆకలి మీదున్న మనిషిని విస్తరి ముందునుంచి లేపి నవ్వడం మా పెద్దల కాలంలో పాపం కిందికి వచ్చేది.

కొడుకుతో అంటే, "నవ్వుతే నీదేం వోయింది బాపూ? ఎవలన్న తిట్టిన్రా, కొట్టిన్రా? లచ్చలమంది చూసిన్రు. ప్రేమతోనే నవ్వుతాన్రు" అన్నాడు.

మా ఇంట్లో ఏం పోయిందో వాడికి కనపడలేదు. చిలుకమ్మ దర్వాజ కొట్టడం మానేసింది.

నాతో చెప్పి మానలేదు. ఒకరోజు అన్నం వేళ దాటింది. నేను చప్పుడు కోసం చూస్తూ నేస్తూనే ఉన్నాను. తల తిప్పితే ఆమె మగ్గం పక్కన నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. నేను చూసేదాకా ఊరికే నిలబడింది. మర్నాడూ అంతే. తర్వాత తర్వాత అన్నం తెచ్చి మగ్గం పక్కన పెట్టి పోయేది. గ్యాస్ బండ మార్చాలంటే నన్ను పిలవకుండా తనే ఈడ్చుకునేది. సాయంత్రం కోడలో మనవరాలో వచ్చేదాకా మా ఇద్దరి నడుమ ఏ చప్పుడూ ఉండేది కాదు. మాట్లాడనివాణ్ని నేను. నా బతుకంతా ఆ చప్పుడే మాట్లాడింది. అది పోయాక ఇంట్లో ఇద్దరు మూగవాళ్లు మిగిలారు.

పద్మలత గమనించింది. ఆడమనిషికి తెలుస్తుంది.

"అత్తమ్మా, పేరు వెట్టి పిలువరాదు? ఇప్పుడందరు పిలుస్తనే ఉన్నరు. నేను పిలుస్తలేనా మీ కొడుకును?"

"నువ్వు పెండ్లినాడే పిలిచినవ్ బిడ్డా. నీకది అలవాటు. నాకు నోరు తిరగది."

"మరి దర్వాజనే కొట్టరాదు. ఇంట్ల ఎవలు నవ్వుతరు?"

చిలుకమ్మ ఇంకో కండె రాట్నానికి ఎక్కించింది. "కొడ్దమని చెయ్యి లేపుత. లేపంగనే గా కోటు పిలగాడు గుర్తుకొస్తడు. గది నాది గాదనిపిస్తది" అంది.

నేను ముందు గదిలోనుంచి విన్నాను. ఒకడి ఇంట్లో చొరబడి బిందె ఎత్తుకుపోతే దొంగ అంటారు. ఇది ఎత్తుకుపోయినవాణ్ని ఏమంటారు? వాడికి వచ్చే ఆదివారం ఇంకో అవ్వ, ఇంకో ఇల్లు.

ఆషాఢంలో ఆ టీవీవాళ్లే మా ఇంటికి వచ్చారు. ఒక పిల్ల, కెమెరా పట్టుకున్న ఇద్దరు. బోనాల స్పెషల్ అంట. చైతన్య ముఖం చూస్తే తెలిసింది, వాళ్లు వస్తున్నట్టు ఆ పిల్లకూ తెలియదు. భానుచందర్‌కు ఫోన్ చేసి వచ్చారు. వాడు కుర్చీలు వేశాడు, చాయ్ తెప్పించాడు.

"తాతగారూ, ఏమీ కష్టం లేదు. మీరు మగ్గం మీద కూర్చోండి. అవ్వ ఆ తలుపు దగ్గర కొడుతుంది. మీరు లేస్తారు. అంతే. మాకు నేచురల్‌గా కావాలి."

చిలుకమ్మ వంటింట్లోనుంచి రాలేదు.

"అవ్వా, ఒక్కసారి రావా?" అని ఆ పిల్ల పిలిచింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడే వచ్చింది. అప్పుడు ఆ పిల్ల, తప్పుగా కాదు, ఎట్లా ఉంటుందో చూద్దామన్నట్టు, వేళ్లు మడిచి మా దర్వాజ మీద పెట్టింది.

"చెయ్యి తియ్యి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. కొడుకు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"తాతగారూ, జనాలకి మీరంటే చాలా ఇష్టం. సరదాగా నవ్వుకుంటే మీదేం పోతుంది చెప్పండి?"

"బిడ్డా, దర్వాజ కొట్టేది మనిషిని పిలుసుటానికి. ఆడించుటానికి గాదు. కోతిని ఆడించెటోడు గూడ పొద్దుగూకినంక దానికి ఇంత తిండి వెట్టి పండవెడ్తడు. మీరు మమ్ముల పండనిస్తలేరు. పోన్రి."

"బాపూ, ఇంటికొచ్చినోళ్లను..." అన్నాడు భానుచందర్.

"నువ్వు వెట్టిన కుర్చీలు నువ్వే తియ్యి" అన్నాను.

వాళ్లు పోయారు. పోయేటప్పుడు కెమెరా పిల్లవాడు మా మగ్గాన్ని ఫోటో తీసుకున్నాడు. కొడుకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. చైతన్య వంటింట్లోకి పోయి నాయినమ్మ పక్కన కూర్చుని, "నేను చెప్పకపోయేదుండె" అని ఏడ్చింది. "నువ్వేం జేసినవే పిచ్చిదానా, ఉన్నదే చెప్పినవ్" అంటోంది చిలుకమ్మ. ఆ సాయంత్రమైనా కొడుతుందేమో అని ఎదురుచూశాను. అన్నం తెచ్చి మగ్గం పక్కన పెట్టి పోయింది.

శ్రావణంలో ముసురు పట్టింది. నల్లా దగ్గర బండలు పాచి పట్టాయి. ఆ రోజు పొద్దున అందరూ పనులకు పోయారు. నేను మగ్గం మీద ఉన్నాను. వాన చప్పుడు, పంజా చప్పుడు. నడుమ ఎక్కడో ఎవరో, "మొగిలీ" అని పిలిచినట్టు వినపడింది.

మా వాడలో నేను కాక ఇంకో ఇద్దరు మొగిలిలున్నారు. ఎవరినో పిలుస్తున్నారనుకున్నాను. ఆడగొంతు. మళ్లీ వినపడింది. పాపం ఆ మొగిలికి వినపడుతున్నట్టు లేదు అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. పోగు సరిచేసుకుని నేస్తూనే ఉన్నాను.

కరీం వానలో తడుస్తూ లోపలికి ఉరికి వచ్చాడు.

"మొగిలన్నా! లోపల వదిన ఒర్లుతాంది, ఇనవడ్తలేదా? నా షాపు దాంక వస్తాంది!"

వెనక్కి ఉరికాము. నల్లా దగ్గర బండల మీద పడి ఉంది. ఒక కాలు తిరిగిన తీరు చూడగానే తెలిసింది. వాన ముఖం మీద పడుతోంది. వెనక తలుపు ఆమె తల పక్కనే ఉంది. గట్టి చెక్క. చెయ్యి చాపితే అందుతుంది. చెయ్యి ఆ చెక్క మీదే ఆనించి ఉంది కూడా. కొట్టలేదు.

కరీం ఆటో తెచ్చాడు. దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు, ఆపరేషన్ అన్నారు. భానుచందర్ బస్సు వేరేవాడికి అప్పగించి వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు, నా వైపు చూడలేదు. చైతన్య ఫోన్ మోగింది. విని, "రాంగ్ నంబర్" అని పెట్టేసింది. ఎవరు అని పద్మలత అడిగితే, "టీవీ. నాయినమ్మ తొందరగా కోలుకోవాలని మనం ఒక వీడియో చెయ్యాలంట" అంది. పద్మలత నేను ఎన్నడూ వినని ఒక తిట్టు తిట్టింది. భానుచందర్ ఆమె నోటికి అడ్డు చెప్పలేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు నన్ను లోపలికి పంపారు. నర్సమ్మ మంచం పక్కన నిలబడి రాసుకుంటోంది.

"పేరు?"

"చిలుకమ్మ."

"భర్త పేరు?"

"మొగిలి" అంది చిలుకమ్మ. ఆగలేదు, కొంగు వెతుక్కోలేదు, నా వైపు చూడలేదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది. నర్సమ్మ రాసుకుని పక్క మంచానికి పోయింది.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆమె పైన తిరిగే ఫ్యానునే చూస్తోంది.

"పిలిచిన గదా" అంది. "నీకు ఇనవడలేదా?"

"ఇనవడ్డది."

"మరి?"

"నన్ననుకోలే."

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"నాకు గూడ" అంది, "నిన్ను పిలుస్తాన్నట్టు అనిపియ్యలే."